ఇంట్లో విరామ గంట ఎవరు కొట్టాలి?

సూరత్‌లోని లింబాయత్‌లో ఆదివారం సాయంత్రాలు బుద్ధ వందనకు కూడే తెలుగువాళ్లం మేము. వందన అయ్యాక ఎవరో ఒకరు ఒక విషయం చెప్పడం, తక్కినవాళ్లం దాని మీద మాట్లాడుకోవడం మా అలవాటు. ఆ మధ్య ఒక వారం ఆరోగ్యం మాట వచ్చింది. మాలో ఒక తమ్ముడు కంప్యూటర్ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేస్తాడు. నడుం పట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. అక్కడ తెలుసుకున్నవి మాకు చెప్పాడు. అరగంటకోసారి కుర్చీలోంచి లేవాలి, నాలుగడుగులు వేయాలి, తెర మీంచి చూపు తిప్పి దూరంగా చూడాలి, రోజూ ఒంటికి చెమట పట్టేలా నడవాలి. మంచి మాటలే. అందరం తలలూపాం.

గోడవారగా కూర్చున్న ఒక అక్క మాత్రం ఊపలేదు. ఆమె ఇంట్లో చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తుంది. "తమ్మీ, నువ్వు లేసి నడిస్తె నీ జీతం తెగుతదా?" అని అడిగింది. తెగదన్నాడు. "నేను లేసి నడిస్తె నాకు చీరె తగ్గుతది. ఆ పైసలు ఎవరిస్తరు?"

నవ్వులాటకు అడిగిన మాట కాదది. మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మా మాటలు అక్కడితో ఆగిపోయాయి గాని, ఆ ప్రశ్న మాతో పాటు ఇళ్లకు వచ్చింది. ఇంట్లో కూర్చుని పనిచేసే మనిషి ఒంటిని కాపాడవలసింది ఎవరు? ఆ మనిషేనా, పని ఇచ్చినవాళ్లా, పక్కనున్న మనమా? ఇది వైద్యుడు ఒక్కడే తేల్చే సంగతి కాదని, ధమ్మానికి సంబంధించిన ప్రశ్న అని మాకు అనిపించింది. అందుకే నలుగురితో పంచుకుంటున్నాం.

కొత్త పేరు, పాత పని

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక 'వర్క్ ఫ్రం హోం' అనే మాట దేశంలో ప్రతి ఇంటికీ చేరింది. పత్రికలు కుర్చీ ఎత్తు గురించి, వెన్నెముక గురించి, ఇంట్లో చేసే వ్యాయామాల గురించి పేజీలకు పేజీలు రాశాయి. చదువుకున్నవాళ్లకు అది కొత్త అనుభవం. మన ఆడవాళ్లకు అందులో కొత్తేమీ లేదు.

వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి నవజీవన్ ఎక్కి సూరత్ వచ్చి మరమగ్గాల్లో కుదురుకున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. లింబాయత్, ఉధనా వాడల్లో తెలుగు వినపడని గల్లీ అరుదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మగవాళ్లు మగ్గాల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు నిలబడతారు. అక్కడ నేసిన బట్ట అద్దకం అయి, రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరి, చీరగా దుకాణంలో మెరవడానికి ముందు మన ఇళ్లకు వస్తుంది. అంచుకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం, వేలాడే దారాలు కత్తిరించడం, మడత పెట్టడం, ఇవన్నీ పది పన్నెండు అడుగుల గదుల్లో ఆడవాళ్ల చేతుల మీదుగా జరుగుతాయి.

వీళ్లలో కొందరికి ఈ తరహా పని పుట్టింటి నుంచే తెలుసు. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఒళ్లో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, వేల లెక్కన బీడీలు చుట్టిన చేతులవి. అప్పుడు ఒళ్లో చేట, ఇప్పుడు ఒళ్లో చీర. వంగిన మెడ మాత్రం అదే.

ఈ పనిలో మేలు లేదని మేము అనం. చంటిబిడ్డను విడిచి వెళ్లక్కర్లేదు. ఆటో ఖర్చు ఉండదు. అన్యభాషా నగరంలో కొత్తగా దిగిన కోడలికి గడప దాటకుండా నాలుగు పైసలు కళ్లజూసే దారి ఇదే. అందుకే వదులుకోరు. చిక్కల్లా ఆ పనిని కొలిచే పద్ధతిలో ఉంది. చీరకు ఇంత అని లెక్క. గంటకు కాదు, రోజుకు కాదు. కాబట్టి కాలు చాపుకున్న ప్రతి నిమిషం నష్టంగానే కనబడుతుంది. ఫ్యాక్టరీలో మేస్త్రీ వెనక నిలబడి తొందర పెడతాడు. ఇక్కడ మేస్త్రీ అవసరం లేదు. ఎవరి మెడ మీద వాళ్లే మేస్త్రీలై కూర్చుంటారు.

కూర్చున్న ఒంటికి ఏమవుతుంది

ఇటలీలోని మోడెనాలో పనిచేసిన రమజ్జినీ అనే వైద్యుడు 1700లో పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని అడగవలసిన ప్రశ్నల్లో 'నువ్వు చేసే పని ఏమిటి?' అన్నది కూడా చేర్చాలని వైద్యులకు చెప్పినవాడు ఆయన. కూర్చుని పనిచేసే దర్జీల వంటివాళ్లు కనీసం సెలవు రోజునైనా ఒళ్లు కదిలించాలని అప్పుడే సలహా ఇచ్చాడు.

1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి ఒక సంగతి ప్రకటించారు. రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. బస్సు ఒకటే, యాజమాన్యం ఒకటే. ఒళ్లు కదలడంలో ఉంది తేడా. ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని, వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని చేయాలని, కూర్చునే సమయం తగ్గించుకోవాలని చెబుతోంది. 2020లో వెలువరించిన సూచనలివి.

150 నిమిషాలంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు. వినడానికి చిన్నదే. చీర లెక్కలో పెట్టి చూస్తే అక్కకు అది చిన్నది కాదు.

ఆమె బాధలు మాకు తెలుసు. మెడ నుంచి భుజం దాకా లాగుడు. సాయంత్రానికి కళ్ల మంట. బాసింపట్టు వేసుకుని గంటలకు గంటలు కూర్చోవడంతో మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుంటే గాని లేవలేకపోవడం. కిటికీ మూసిన గదిలో జిగురు వాసనకు తలనొప్పి. ఉమ్మడి మరుగుదొడ్డికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లే తగ్గించి తాగడం. అడిగితే "నా తలరాత" అంటుంది.

తలరాత అనే మాట దగ్గర మనం ఆగాలి. బాబాసాహెబ్ బాటలో నడిచేవాళ్లకు ఆ మాట చెల్లదు. మెడ నొప్పికి కారణం పోయిన జన్మలో లేదు, చీర పరిచిన పీట ఎత్తులో ఉంది. కిటికీలో ఉంది, ట్యూబ్‌లైట్‌లో ఉంది, చీరకు కట్టిన రేటులో ఉంది. కారణం కంటికి కనబడే చోట ఉంటే దాన్ని మార్చవచ్చు. దుఃఖానికి కారణం ఉందని, దాన్ని తొలగించవచ్చని తథాగతుడు చెప్పిన మాట మెడ నొప్పికి కూడా వర్తిస్తుంది.

నడక గురించి తథాగతుడు

ఒంటిని కష్టపెడితే పుణ్యం వస్తుందనే నమ్మకాన్ని సిద్ధార్థుడు తన ఒంటి మీదే పరీక్షించి చూశాడు. ఎముకల గూడయ్యే దాకా పస్తులుండి, దానివల్ల జ్ఞానం రాదని గ్రహించి ఆహారం తీసుకున్నాడు. మధ్యమ మార్గం అలా మొదలైంది. కాబట్టి ఒంటిని చూసుకోవడం స్వార్థమనో, సోకనో మన సంప్రదాయంలో ఎవరూ అనడానికి లేదు.

నడక ఆ సంప్రదాయంలో సాధనలో భాగం. దాన్నే చంకమణం అంటారు. అంగుత్తర నికాయంలో దానివల్ల కలిగే ఐదు మేళ్లు చెప్పారు. దూరం నడవగల శక్తి వస్తుంది, శ్రమకు ఓర్పు కలుగుతుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. ఐదింటిలో నాలుగు ఒంటికి సంబంధించినవే. కూర్చుని ధ్యానం చేసే భిక్షువులకే నడక అవసరమైతే, కూర్చుని రాళ్లు అంటించే అక్కకు అవసరం కాకుండా పోతుందా?

అయితే నడకకూ హద్దుంది. సోణుడనే భిక్షువు పట్టుదలతో పాదాలు నెత్తురోడేలా నడిచాడు. తథాగతుడు అతనికి వీణ తీగల ఉదాహరణ చెప్పాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైనా పలకదు. పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడి వచ్చిన అన్నకు 'ఇంకో గంట నడువు' అని చెప్పడం బిగిసిన తీగను మరింత బిగించడమే. అతనికి కావలసింది కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకోవడం. పొద్దుటి నుంచి కూర్చున్న వదినకు కావలసింది లేచి కదలడం. ఒకే ఇంట్లో రెండు తీగలు, రెండు శ్రుతులు. అందరికీ ఒకే సలహా పంచిపెట్టిన ఆ ఆదివారం మేము చేసిన తప్పు ఇదే.

గంట కొట్టేవాళ్లు

ఇప్పుడు అక్క ప్రశ్నకు రావాలి. ఆ పైసలు ఎవరిస్తరు?

ఫ్యాక్టరీలో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు దొరికింది. అది ఊరికే దొరకలేదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. వారానికి 54 గంటలున్న ఫ్యాక్టరీ పనిని 48 గంటలకు తగ్గించే సవరణ ఆయన హయాంలోనే సభ ముందుకు వచ్చి 1946లో చట్టమైంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం ఇవ్వకుండా ఎవరిచేతా పని చేయించకూడదని చెప్పింది. విశ్రాంతి కార్మికుడి సోమరితనం కాదు, హక్కు అని ఆ గంట మోత చెబుతుంది.

ఇంట్లో ఆ గంట లేదు. పొద్దున వంట, మధ్యాహ్నం చీర, పిల్లలు పడుకున్నాక మళ్లీ చీర. దీపావళి ముందు, పెళ్లిళ్ల రోజుల్లో అర్ధరాత్రి దాకా చీర. గడప లోపల జరిగేది పని కాదని, తీరిక వేళ కాలక్షేపమని లోకం అనుకుంటుంది. ఆమె కూడా "ఖాళీగున్నప్పుడు జరంత చేసుకుంట" అనే చెబుతుంది. ఆ 'జరంత' ఎనిమిది గంటలైనా సరే.

గడప లోపలిది కూడా పనేనని చట్టం ఒప్పుకున్న సందర్భం మన కళ్లముందే ఉంది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం, ముడిసరుకు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లను కూడా ఉద్యోగులుగా లెక్కించింది. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ మొదలుపెట్టిన 'సేవ' సంఘం, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా కార్మికులేనని పట్టుబట్టింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి వద్ద పని మీద 177వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో 'ఇంటి వద్ద పనిచేసే కార్మికుల' నిర్వచనమైతే ఉంది గాని, చీర ముందు కూర్చున్న అక్కకు విరామ గంట ఇంకా మోగలేదు.

చట్టం వచ్చేదాకా ధమ్మం ఆగనక్కర్లేదు. సిగాలోవాద సుత్తంలో తథాగతుడు పని ఇచ్చేవాళ్ల బాధ్యతలు ఐదు చెప్పాడు. బలానికి తగ్గట్టు పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి పదార్థాలు దొరికితే పంచుకోవడం, వేళకు విశ్రాంతి ఇవ్వడం. రెండున్నర వేల ఏళ్ల నాటి జాబితాలో విరామమూ ఉంది, వైద్యమూ ఉంది. చీర రేటులో ఈ రెండింటి ఖర్చు కలిసి ఉండాలి. అది కలపని రేటు తక్కువ రేటు అని ఊరుకోవడానికి లేదు. ఆ లోటును ఆమె మోకాళ్ల నుంచి వసూలు చేస్తున్నారు.

పని ఇచ్చేది ఎవరు?

ఇక్కడే మాకు ఇబ్బంది ఎదురైంది. మార్కెట్ దుకాణం నుంచి కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నుంచి గల్లీలో ఒకరికి, ఆమె నుంచి పది ఇళ్లకు చీరల మూటలు వెళతాయి. మా గల్లీలో మూటలు పంచే ఆవిడ మాతోపాటు వందనకు కూర్చునే మనిషే. తానూ ఒకప్పుడు రాళ్లు అంటించినదే. ఆమెను అడిగితే, "నాకు పైనుంచి అట్లనే వస్తది, నేనేం చేస్త?" అంది. అబద్ధం కాదు. పైవాణ్ణి అడిగినా అదే అంటాడు. చేతులు ఎక్కువైన కొద్దీ బాధ్యత పలచబడి, చివరికి ఎవరికీ చెందనిదవుతుంది. అప్పుడు అంతా వచ్చి మిగిలిన ఒక్క చోట పడుతుంది. వంగిన ఆ మెడ మీద.

మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మం అక్కర్లేదని, ఇద్దరు కలిసి బతకాల్సిన చోట అది తప్పదని బాబాసాహెబ్ బోధ సారం. ఇంట్లో పనిచేసే మనిషిని ఒంటరిని చేయడమే ఈ పద్ధతిలోని కిటుకు. పక్కన తోటి పనివాళ్లు ఉండరు, ఎదురుగా యజమాని ఉండడు, మూట మాత్రం ఉంటుంది. మూటతో ధమ్మం మాట్లాడలేం. కనుక ముందు చేయవలసింది ఆ ఒంటరితనాన్ని తెంచడం. మూట పంచే ఆవిడ మొత్తం గొలుసుకు జవాబు చెప్పలేదు, నిజమే. కానీ ఆ మెడను రోజూ కళ్లారా చూసేది ఆమే. చూసినవాళ్లకు చూసినంత మేర బాధ్యత ఉంటుంది. మనకూ అంతే.

"ఎవరికి వారే దీపం కావాలి కదా, ఎవరి ఆరోగ్యం వాళ్లే చూసుకోవాలి" అని మాలో కొందరన్నారు. ఆ మాట సగమే. వెదురు గడ మీద ఆడే దొమ్మరి, అతని శిష్యురాలి కథ తథాగతుడు చెప్పాడు. తనను తాను కాపాడుకోవడం ఇతరులను కాపాడటమే, ఇతరులను కాపాడటం తనను కాపాడుకోవడమే అని ముగించాడు. గడ మీదున్న అమ్మాయి తూకం తానే నిలుపుకోవాలి. కింద గడ మోసేవాడు కదిలితే మాత్రం ఎంత తూకమున్నా పడిపోతుంది.

సూరత్ నేర్పిన పాఠం

ఈ ఊరికి ఆ సంగతి బాగా తెలిసి ఉండాలి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. మన తెలుగువాళ్లూ దొరికిన రైలెక్కారు. అంతకుముందు చెత్తా మురుగూ ఎవరి గడప ముందుది వాళ్ల తలనొప్పిగా ఉండేది. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి పంపి చెత్త తీయించారు, రోడ్లు వెడల్పు చేయించారు. అపకీర్తి మోసిన ఊరు 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. ఎవరి చేతులు వాళ్లు కడుక్కోవడం ఒక్కటే ఊరిని మార్చలేదు. ఆరోగ్యం అందరి పని అని ఊరు ఒప్పుకుంది కాబట్టి మారింది. వీధి ఆరోగ్యం అందరిదైనప్పుడు గది లోపలి ఆరోగ్యం ఒక్కరిదే ఎలా అవుతుంది?

మేము మొదలుపెట్టినవి చిన్నవి. రాత్రి అన్నాలయ్యాక ఇరవై నిమిషాలు ఆడవాళ్లంతా డాబా మీద కలిసి నడుస్తున్నారు. ఒక్కరే నడిస్తే మనసు చీర మీద ఉంటుంది, పదిమంది నడిస్తే పది చీరలూ ఒకేసారి ఆగుతాయి, ఎవరూ వెనకబడరు. పీట కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచారు. రాళ్లు అంటించేటప్పుడు కిటికీ తెరవడం, దారాలు కత్తిరించడం నిలబడి చేయడం, నీళ్లబిందె గదికి ఆ చివర పెట్టుకోవడం, చీర చీరకూ మధ్య లేచి వీధి చివరకు చూడటం అలవాటు చేసుకుంటున్నారు. మూట పంచే ఆవిడ, పొద్దుపోయాక ఇచ్చి తెల్లారేసరికి కావాలనే మూటలు ఒప్పుకోనని చెప్పింది. పండగ రోజుల్లో ఆ మాట నిలబెట్టుకోవడం ఆమెకు కష్టమే, మాకు తెలుసు. ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చునే కొడుకులు నీళ్లు పట్టి, అంట్లు తోమాలని కూడా అనుకున్నాం. నడక కన్నా ఇదే కష్టంగా ఉంది.

బాబాసాహెబ్ మధుమేహంతో, కాళ్ల నొప్పులతో ఢిల్లీలోని అలీపూర్ రోడ్డు ఇంట్లో రాత్రుళ్లు కూర్చుని రాశారు. చివరి రాత్రి కూడా 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' ముందుమాట పనిలోనే ఉన్నారు. కోట్ల మందికి పని గంటలు తగ్గించిన మనిషి తన గంటలు లెక్క పెట్టుకోలేదు. ఆ త్యాగాన్ని తలుచుకుని మన ఆడవాళ్లను కూడా అలాగే కరిగిపొమ్మనడం ఆయన దారి కాదు. వాళ్లు కరగకూడదనే ఆయన కరిగారు.

అక్క అడిగిన పైసలు మేమింకా ఇప్పించలేకపోయాం. రేటు గురించి పదిళ్లవాళ్లూ కలిసి మాట్లాడాలనే ఆలోచన ఇప్పుడిప్పుడే డాబా మీది నడకలో మొదలైంది. మొన్న నడుస్తూ అక్క అంది: "ఇన్నేండ్ల సంది పక్కింట్లనే ఉన్నం, ఏ చీరెకు ఎంతొస్తుందో ఒకలికొకలం చెప్పుకోలే." మీ ఊళ్లో, మీ గల్లీలో ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు ఎవరున్నారో ఈ ఆదివారం ఒకసారి చూడండి. వాళ్లకు సలహా చెప్పే ముందు, వాళ్లు లేచి నిలబడితే తగ్గేది ఏమిటో అడగండి.